పన్నెండడుగుల తారీఫ్

సంఘం ఆఫీసు గేటు పైన, పన్నెండడుగుల ఫ్లెక్సీలో, తన నడుము గురించి రాసి ఉండటం చూసి భానుప్రసాద్ స్కూటరు మీదే కొయ్యబారిపోయాడు.

ఒక్క నడుమైతే ఏదో దులుపుకుని పోయేవాడు. ఫ్లెక్సీ నట్టనడుమ అతని ఫోటో నిలువెత్తున ఉంది. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, కట్టుకున్న చేతులు, ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కున్న పొట్ట. పాదాల దగ్గర అతని పేరు. ఫోటో పక్కన బంగారు రంగు అక్షరాలు పొద్దుటి ఎండకు ధగధగలాడుతున్నాయి.

“పసుపు కొమ్ములాంటి మేని ఛాయ!
చెరుకు గడలాంటి నాజూకు నడుము!
నవ్వితే నిజాంసాగర్ గేట్లు ఎత్తినట్టే!
పని చేయడానికి మేమున్నాం, మీరు కుర్చీలో కూర్చుంటే చాలు,
మా కళ్ళు చల్లబడతాయి!”

దాని కింద “ఇట్లు, మీ అభిమాని” అని ఉంది. ఆ మాట కింద పళ్ళెమంత గుండ్రంలో, ఆ రోజే ఉద్యోగంలో చేరబోతున్న కొత్త మేనేజరు కావ్య ముఖం నవ్వుతోంది. ఆమె పేరూ, ఆమె హోదా, అన్నీ అచ్చుతప్పు లేకుండా ఉన్నాయి. ఇంకా ఆఫీసు మెట్టెక్కని ఆడమనిషి, నలభై ఆరేళ్ళ పసుపు గ్రేడరు నడుము చూసి మతి పోగొట్టుకుందని ఊరంతటికీ చాటుతున్న ఫ్లెక్సీ అది.

నిజానికి ఆ పూటకు భానుప్రసాద్ వేసుకున్న పథకం చాలా సాదాది. పది గంటలకు కొత్త మేనేజరు వస్తుంది. గేటు మీద తన నిలువెత్తు ఫోటో, పక్కన తన మీద కవిత్వం చూసి మురిసిపోతుంది. ఎవరు రాశారని అడుగుతుంది. శాలువా పట్టుకుని నిలబడ్డ భానుప్రసాద్ వినయంగా తల వంచుతాడు. బోధన్‌లో కొత్తగా తెరవబోయే శాఖకు ఎవరిని ఇన్‌చార్జిగా వేయాలో ఆ రోజే ఆమె తేల్చాలి. బోధన్ అంటే భానుప్రసాద్ సొంత ఊరు, అత్తగారి ఊరు కూడాను. అక్కడ సొంత గదిలో, తిరిగే కుర్చీలో, బావమరుదుల కళ్ళ ముందు ఒక చుట్టు తిరగాలని అతని కోరిక. ఆ కుర్చీ కోసమే రాత్రి కూర్చుని కవిత్వం రాసి, ఫ్లెక్సీ షాపుకు పంపాడు. పెద్ద ఫోటో ఆమెది, మూలన చిన్న గుండ్రం తనది కావాలి. తెల్లారేసరికి తలకిందులైంది.

కవిత్వం అతనికి కొత్త కాదు. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీదున్న ఆ రైతు సంఘంలో, బస్తా విప్పగానే గుప్పెడు కొమ్ములు తీసి, ఒకటి పుటుక్కున విరిచి, రంగు చూసి, పొడవు చూసి, పాలిష్ చూసి సరుకు ఏ రకమో చెప్పడం అతని పని. పనిలో తిరుగులేదు. చిక్కల్లా ఏమిటంటే ఆ చూపు బస్తా దగ్గర ఆగేది కాదు. రసీదు కోసం వచ్చిన రైతు భార్యనైనా, అటెండరు గంగమణినైనా అదే చూపుతో తిరగేసి, అదే గొంతుతో రకం చెప్పేవాడు. “ఏం పాలిష్ ఉన్నవ్!” అనేవాడు. “ఎండల తిరగకు, సరుకు నల్లబడ్తది” అనేవాడు. దానికి అతను పెట్టుకున్న పేరు తారీఫ్, అంటే పొగడ్త. వాళ్ళు తల దించుకుంటే సిగ్గనుకున్నాడు. మొహం తిప్పుకుంటే మురిపెమనుకున్నాడు. గంగమణి టీ గ్లాసు టేబుల్ మీద ఠప్పున పెడితే చనువనుకున్నాడు. బోధన్ పొలాల్లో చెరుకు తగ్గింది గాని భానుప్రసాద్ నాలుక మీద తగ్గలేదు.

ఇప్పుడా చెరుకు తన నడుముకే చుట్టుకుంది. చుట్టూ చూశాడు. నిచ్చెన లేదు. స్కూటరు గేటుకు ఆనించి, సీటు మీదికెక్కి, ఫ్లెక్సీ పై అంచు అందుకుని బలమంతా పెట్టి గుంజాడు. పై అంచు పర్రున చిరిగి చేతికొచ్చింది. దానితో పాటే స్కూటరు పక్కకు ఒరిగింది. భానుప్రసాద్ నేల మీద, చిరిగిన ముక్క అతని మీద. ఆ ముక్క మీద “కొత్త మేనేజరు గారికి స్వాగతం, సుస్వాగతం” అని ఉంది. ఆ కవిత్వం ఎవరి గురించో, ఎందుకోసమో చెప్పే మాట మొత్తం ఫ్లెక్సీలో అదొక్కటే. మిగిలిందంతా చెక్కుచెదరకుండా గేటు మీదే ఉంది.

“గట్లెందుకు గుంజినవ్ సారూ?” అని ఎదుటి టీ కొట్టు నుంచి పోశన్న లేచి వచ్చాడు. నందిపేట్ రైతు. పసుపు బస్తాలతో తెల్లారకముందే దిగి, గ్రేడరు కోసమే కూర్చున్నాడు. అతని వెనక మరో నలుగురు రైతులు గ్లాసులతో సహా వచ్చారు. పోశన్న తల పైకెత్తి, పెదవులు కదుపుతూ, ఫ్లెక్సీ అంతా చదివాడు. తర్వాత చూపు కిందికి దించి భానుప్రసాద్ పొట్ట దగ్గర ఆపాడు.

“గడ అని రాసిండ్రు గని సారూ, గిది గడ గాదు. బండెడు.”

రైతులు గొల్లుమన్నారు. భానుప్రసాద్ చొక్కా కిందికి లాక్కున్నాడు. జీవితంలో మొదటిసారి, ఎవరో తన ఒంటిని విరిచి చూసి రకం చెప్పినట్టనిపించింది. చెవులు వేడెక్కాయి.

“గీ చెయ్యి ఎవలిది?” అని పోశన్న మళ్ళీ అడిగాడు. గుండ్రంలో కావ్య భుజం మీద ఒక చెయ్యి ఉంది. చెయ్యే ఉంది, మనిషి లేడు. కత్తిరించేశారు. మణికట్టుకు పసుప్పచ్చ గొలుసు గడియారం. పోశన్న ఆ గడియారం చూశాడు. భానుప్రసాద్ గడియారం చూశాడు. అదీ పసుప్పచ్చదే. భానుప్రసాద్ చటుక్కున చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

“జేబుల ఎందుకు పెట్టినవ్?”

“సలి పెడ్తుంది.”

“మార్చి ఎండల సలి?” అని పోశన్న మిగతావాళ్ళ వైపు తిరిగాడు. ఇంక చెప్పాల్సిన అవసరం లేకపోయింది. వాళ్ళలో ఒకడు ఫోన్ తీసి, చిరిగిన ఫ్లెక్సీనీ, దాని కింద జేబులో చెయ్యి పెట్టుకున్న భానుప్రసాద్‌నీ కలిపి ఒక ఫోటో కొట్టాడు.

భానుప్రసాద్ గోడ చాటుకు పోయి ఫ్లెక్సీ షాపు లింగానికి ఫోన్ చేశాడు.

“ఎట్లుంది అన్నా? జబర్దస్త్ రాలేదా?” అన్నాడు లింగం.

“నీ జబర్దస్త్ పాడుగాను! నా ఫోటో ఎందుకు పెద్దగ పెట్టినవ్‌రా?”

“నువ్వే గదన్నా చెప్పింది! దసరా అయినా, లీడరు పుట్టినరోజైనా, ఎవలి పండుగైనా నా ఫోటోనే పెద్దగుండాలె, మళ్ళ మళ్ళ చెప్పను, యాది పెట్టుకో అన్నవ్. యాది పెట్టుకున్న.”

నిజమే. ఒకసారి వినాయక చవితి ఫ్లెక్సీలో వినాయకుడి కంటే భానుప్రసాదే పెద్దగా వచ్చాడు. అప్పుడు లింగాన్ని మెచ్చుకుని చాయ్ తాగించాడు కూడా.

“మరి గా కవిత్వం మ్యాటర్ నా పక్కన ఎందుకు పెట్టినవ్?”

“మ్యాటర్ పెద్ద ఫోటో పక్కనే వస్తది. గది రివాజు. అభిమాని చిన్నగుంటడు, కింద ఉంటడు.”

“చదవలేదారా నువ్వు?”

“చదివిన. నడుం కాడ జర నవ్వొచ్చింది. మనకెందుకు, కస్టమర్ ఇష్టం గదా అనుకున్న.”

భానుప్రసాద్ గొంతు తగ్గించాడు. “ఎవలడిగినా నా పేరు చెప్పకు. సచ్చినా చెప్పకు.”

“నా బిడ్డ మీద ఒట్టన్నా, చెప్పను” అన్నాడు లింగం. మాట మీద నిలబడే మనిషి. కొంప ముంచేది ఎప్పుడూ అలాంటివాళ్ళే.

ఫోన్ పెట్టగానే మళ్ళీ మోగింది. ధనలక్ష్మి. తెర మీద భార్య పేరు. రైతు కొట్టిన ఫోటో ఏ దారి పట్టిందో గాని, కంఠేశ్వర్‌లోని వాళ్ళ గల్లీ గ్రూపులోకి అప్పటికే చేరిపోయింది.

“ఏమయ్యా, కావ్య ఎవతె?”

“ధనలక్ష్మీ, జర నిమ్మలంగ విను...”

“నీ నడుం చెరుకు గడనట. గిన్నేండ్ల సంది అన్నం పెడుతున్న, నాకెన్నడు కండ్లవడలే. గామెకు ఎట్ల కండ్లవడ్డది? భుజం మీద గా చెయ్యి ఎవలిది? గా గడియారం మా అన్న పెట్టింది గాదూ?”

అక్కడ భానుప్రసాద్‌కు రెండు దారులు కనిపించాయి. నిజం చెబితే, పరాయి ఆడమనిషి నడుము మీద కవిత్వం రాసింది తనే అని భార్యకు తెలుస్తుంది. మేనేజరుకూ తెలుస్తుంది. బోధన్ కుర్చీ అటే తిరిగిపోతుంది. చెప్పకపోతే, ఆ రాత ఆ అమ్మాయి నెత్తి మీద ఉంటుంది. మొదటి రోజే పేరు పాడవుతుంది. ఏ మగవాడైనా ఇక్కడ కాసేపు ఆలోచించాలి. భానుప్రసాద్ ఆలోచించలేదు. ఏడ్చాడు.

“నాకేం ఎరుక ధనలక్ష్మీ! ఇంటి నుంచి తల దించుకొని కొలువుకొస్తున్న, తల దించుకొని పోతున్న. ఎవలో గిట్ల రాస్తే నేనేం చెయ్యాలె? ఆఫీసులల్ల మగోళ్ళకు ఇజ్జత్ లేకుంట అయింది.”

“ఏడ్వకు. నేనొస్తున్న. గామె సంగతి చూస్త” అంది ధనలక్ష్మి.

ఆ మాటలు బాగా పనిచేశాయని అతనికి అనిపించింది. గోడ చాటు నుంచి బయటికొచ్చి రైతుల ముందూ అవే చెప్పాడు. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు వణికింది. రెండోసారి కన్ను తడిసింది. మూడోసారికి తనే నమ్మేశాడు. గేటు ముందు జనం పెరిగారు. బీడీల గంపలతో పోతున్న ఆడవాళ్ళు ఆగారు, ఆటోలు ఆగాయి. నడుము మాట వచ్చినప్పుడల్లా అందరూ అతని నడుము చూశారు. చూసిన ప్రతిసారీ అతను ఊపిరి బిగబట్టాడు.

పోశన్న మాత్రం తల అడ్డంగా ఊపాడు. “గా మేడం అసొంటిది గాదు సారూ. మా నందిపేట్ పిల్లనే. పోయిన యేడు మా కల్లాల కాడికొచ్చి పసుపు ఎంత ఉడకాలె, ఎట్ల ఎండాలె, దగ్గర నిలబడి చెప్పింది. ఆమె చెప్పినట్టు చేసినోళ్ళ సరుకు ఒక్క కొమ్ము పుచ్చిపోలే. మస్తు తెలివిగల్ల పిల్ల.”

“లోపల ఎవలెట్లుంటరో ఎవలికెరుక పోశన్నా?” అన్నాడు భానుప్రసాద్, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ ఒక్క మాట గేటు దగ్గర బయల్దేరి టీ కొట్టు దాకా పోయి, బస్టాపు దాకా పోయి తిరిగొచ్చేసరికి “గా మేడం ఎట్లాంటిదో అందరికెరుకనే” అయింది.

కావ్య స్కూటీ దిగింది అప్పుడే. హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, జనాన్ని చూసి నవ్వింది. ఎవరూ నవ్వలేదు. అదే క్షణాన ఆటోలోంచి ధనలక్ష్మి దిగి, కొంగు నడుముకు దోపి, ఎదురుగా వచ్చి నిలబడింది.

“కావ్య అంటే నువ్వేనా?”

“నేనే అక్కా.”

“గట్ల రాసేముందు ఆయనకొక పెండ్లాం ఉన్నదని గూడ తెలుసుకోలేదా?”

కావ్యకు అర్థం కాలేదు. ధనలక్ష్మి వేలెత్తి చూపించింది. కావ్య తల ఎత్తింది. చదివింది. నవ్వు ఎండిపోయింది. చాలాసేపు ఆమె అక్షరాల వైపు చూడలేదు, గుండ్రంలో తన భుజం వైపే చూసింది.

“బాపేడి?” అంది.

“ఏ బాపు?” అంది ధనలక్ష్మి.

“గా చెయ్యి మా బాపుది. నా చదువు పట్టా తీసుకున్ననాడు ఇద్దరం దిగిన ఫోటో అక్కా. నిన్న సంఘం గ్రూపుల చేరినప్పుడు నా పేరు కాడ గదే పెట్టుకున్న. మా బాపును ఎవలు కోసేసిండ్రు?”

పోశన్న తలకు చుట్టిన రుమాలు తీసి భుజాన వేసుకున్నాడు. భానుప్రసాద్ మాత్రం హాయిగా జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. ఒక నిందైతే తీరింది. ఎదుటి మనిషి తండ్రిని పోగొట్టుకున్నట్టు నిలబడి ఉంటే, అతనికి తట్టింది అదే.

కావ్య హెల్మెట్ చంకన పెట్టుకుంది. “అందరు లోపటికి రండి. మాట్లాడుకుందాం” అని ముందుకు నడిచింది.

మేనేజరు గది నిండిపోయింది. కిటికీ ఊచలకు కూడా తలలే. గంగమణి ఒక స్టూలు తెచ్చి భానుప్రసాద్‌కు వేసింది. కావ్య తన కుర్చీలో కూర్చుని, చేతులు టేబుల్ మీద పెట్టుకుని అడిగింది.

“భానుప్రసాద్ గారు, గీ మాటలు మీకు బాధయినయట గదా?”

కుర్చీలో ఉన్న మనిషి జాలిగా అడిగేసరికి భానుప్రసాద్‌లోని కవి మళ్ళీ లేచాడు. “బాధనా మేడం? పొద్దుగాల సంది మంచినీళ్ళు ముట్టలే. మనిషి నడుం సంగతి గేటుకు కడ్తరా ఎవలన్న? వచ్చేటోడు పోయేటోడు పొట్ట దిక్కే చూస్తుండు. నేను మనిషినా, బస్తాల సరుకునా?”

గంగమణి తలుపు దగ్గర నిలబడి, విన్నది నిజమేనా అన్నట్టు చెవి రుద్దుకుంది.

“పొగడ్తనే గదా, గింత లొల్లెందుకు అని ఎవలన్న అంటే?” అంది కావ్య.

“పొగడ్తనా!” భానుప్రసాద్ స్టూలు మీంచి సగం లేచాడు. “పని సంగతి ఒక్క మాట ఉన్నదా మేడం గందుల? ఇన్నేండ్ల సంది సరుకు చూస్తున్న, ఒక్క బస్తా తప్పు చెప్పలే. గది రాయలే. మేని ఛాయ రాసిండ్రు. కుర్చీల కూసుంటే చాలు అంటే ఏంది? పనికి పనికిరాడు, చూస్తందుకు పనికొస్తడు అనే గదా అర్థం? పైన పొగడ్త, లోపల బూతు!”

ఆ వాక్యం రాసిన రాత్రి దానికొక అర్థం ఉంటుందని అతనికి తోచలేదు. తన మీద పడ్డాక గడగడా చెప్పేశాడు. కిటికీ దగ్గర బీడీల ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“మంచిగ చెప్పిండ్రు” అంది కావ్య. “నేను గూడ గింత మంచిగ చెప్పలేకపోతుంటి. మరి రాసిన మనిషిని ఏం చెయ్యాలె?”

“గేటు లోపటికి రానియ్యొద్దు.”

“బోధన్ శాఖల ఆడరైతులు మస్తుమంది వస్తరు. గిట్ల రాసిన మనిషికి అక్కడ కుర్చీ ఇయ్యొచ్చా?”

బోధన్ మాట చెవిన పడగానే భానుప్రసాద్ కళ్ళు మెరిశాయి. తన నీతి చూసి ఆమె మనసులో కుర్చీ తనవైపు తిరుగుతోందనుకున్నాడు. ఛాతీ విరుచుకున్నాడు. “కుర్చీనా మేడం? స్టూలు గూడ ఇయ్యొద్దు!”

“అక్కా, విన్నవు గదా?” అంది కావ్య, తలుపు దగ్గరున్న గంగమణితో.

“విన్న మేడం. అందరు విన్నరు.”

కావ్య ఫోన్ తీసింది. “ఫ్లెక్సీ కింద మూలకు షాపు నంబరు ఉన్నది. ఎవలు చేయించిండ్రో అడుగుదాం.”

ఊళ్ళో ఏ ఫ్లెక్సీకైనా కింద షాపు పేరూ నంబరూ ఉంటాయని భానుప్రసాద్‌కు తెలుసు. ఆ మూలకు ఎప్పుడూ చూపు పోలేదు, తన ఫోటో దాటి పోతే కదా! ఆ రోజు మొదటిసారి అతని పొట్ట, ఊపిరి బిగబట్టకుండానే లోపలికి పోయింది.

“హలో” అన్నాడు లింగం, గదంతా వినిపించేలా.

“సంఘం గేటు మీది ఫ్లెక్సీ మీరే చేసిండ్రా?”

“మేమే మేడం. ఎట్లొచ్చింది?”

“మస్తొచ్చింది. ఎవలు చెప్పిండ్రు చేయమని?”

లింగానికి ఒట్టు గుర్తొచ్చినట్టుంది. “ఎవలో ఆడమనిషి మేడం.”

గదిలో కలకలం లేచింది. ధనలక్ష్మి చూపు మళ్ళీ కావ్య మీదికి తిరిగింది. భానుప్రసాద్ లోలోపలే లింగానికి దండం పెట్టుకున్నాడు.

“పేరేం చెప్పింది?”

“కింద ఉన్నది గద మేడం. కావ్యనట.”

“గొంతు యాదికున్నదా?”

“ఎందుకు లేదు? మోటు గొంతు. మీ లెక్క నిమ్మలమైన గొంతు గాదు. మళ్ళ వింటే పట్టేస్త.”

“కావ్యను నేనే.”

లింగం, చిన్న గొంతుతో, “అన్నా, ఇగ నాతోని గాదే” అన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

అందరూ భానుప్రసాద్‌ను చూశారు. ఈసారి నడుము కాదు, మొహం.

“ఊళ్ళ అందరు అన్నలే మేడం” అన్నాడు అతను. “వాడు ఎవలనన్న అనొచ్చు.”

ధనలక్ష్మి దోపిన కొంగు తీసేసింది. కావ్య దగ్గరికి పోయి, “తప్పయింది బిడ్డా, నీ మీదికి లొల్లికొచ్చిన” అంది. ఏం మాట్లాడాలో తెలియక ఆమె చీర కొంగు పట్టి చూసింది. “చీర రంగు మంచిగున్నది. నీకు కుదిరింది. ఏడ కొన్నవ్?”

“ఆర్మూర్ల అక్కా” అంది కావ్య. వచ్చినప్పటి నవ్వు, సగమైనా, తిరిగొచ్చింది.

భానుప్రసాద్ ఇంక ఆగలేకపోయాడు. అన్యాయం కళ్ళముందే జరుగుతుంటే ఏ కవి ఆగుతాడు? “చూసిండ్రా? చూసిండ్రా! గామె అంటే మురిసిపోయింది. గదే మాట నేనంటే తప్పయితది!”

“నేను చీర అడిగిన” అంది ధనలక్ష్మి, వెనక్కి తిరిగి. “ఏడ కొన్నవని అడిగిన, ఆమె చెప్పింది. నువ్వెన్నడన్న ఎవలనన్న చీర అడిగినవా? చీర లోపట ఉన్నది లెక్కవెట్టినవ్.” అని ఒక అడుగు ముందుకేసింది. “అవునయ్యా, నేనంటే అన్నవ్. ఏమన్నవ్ నువ్వు?”

భానుప్రసాద్ స్టూలు మీద అటూ ఇటూ కదిలాడు.

ధనలక్ష్మి ఫోన్ తీసి, గల్లీ గ్రూపులో వచ్చిన ఫోటో పెద్దది చేసింది. పొద్దుట కోపంలో నడుము దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు కింది వరుస చదివింది. “నవ్వితే నిజాంసాగర్ గేట్లు ఎత్తినట్టే.” మళ్ళీ చదివింది.

“గీ మాట నాది.”

ధనలక్ష్మి ఫోన్ టేబుల్ మీద పెట్టింది.

“నన్ను చూస్తందుకు వచ్చిననాడు మా అవ్వ ముందట అన్నడు. పిలగాడు నచ్చలే అన్నడు మా బాపు. నేనే ఒప్పుకున్న, గీ ఒక్క మాటకు. గిన్నేండ్లు గిది నాదే అనుకున్న.”

“నాకు గూడ అన్నడు అక్కా” అంది గంగమణి తలుపు దగ్గర నుంచి. “కొలువుల చేరిననాడు. చేతుల చీపురుండె, లేకుంటె ఆనాడే జవాబు చెప్తుంటి. చీపురుతోని చెప్తే కొలువు పోతదని ఊకున్న.”

పోశన్న భుజం మీది రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “మా కోడలికి గూడ అన్నడు, రసీదు కాడ. ఇంటికొచ్చి ఇగ సంఘానికి పోను అన్నది. పొల్ల పని ఎగ్గొడ్తున్నదని నేనే తిట్టిన.” తల ఎత్తి భానుప్రసాద్‌ను చూశాడు. “నిజాంసాగర్‌కు గన్ని గేట్లున్నయా సారూ?”

ఈసారి ఎవరూ గొల్లుమనలేదు. నవ్వు రాక కాదు. ఆ గదిలో ఆ గేట్ల కింద తడిసినవాళ్ళే సగంమంది ఉన్నారు.

భానుప్రసాద్‌కు చెమటలు కారాయి. నిలబడదామని లేచాడు. మళ్ళీ కూర్చుందామని చూసేసరికి కింద స్టూలు లేదు. గంగమణి చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

“స్టూలు గూడ ఇయ్యొద్దు అంటివి గద సారూ.”

కావ్య కుర్చీలో ముందుకు వంగింది. “భానుప్రసాద్ గారు, గిట్ల రాసిన మనిషిని గేటు లోపటికి రానియ్యొద్దని మీరే చెప్పిండ్రు. బోధన్‌కు ఎవలిని పంపొద్దో గూడ మీరే చెప్పిండ్రు. ఇంకేమన్న చెప్పేదున్నదా?”

అతను భార్య వైపు చూశాడు. ఆమె చూడలేదు. గుమ్మం వైపు చూశాడు. జనం దారివ్వలేదు. బోధన్ కుర్చీ చివరిసారిగా ఒక చుట్టు తిరిగి, కళ్ళముందు నుంచి మాయమైంది. భానుప్రసాద్ నోరు విప్పాడు.

“నేనే రాసిన మేడం. మీ ఫోటో నేనే తీసుకున్న, మీ బాపును నేనే కోసిన, లింగానికి నేనే చెప్పిన. గని ఒట్టు మేడం, రాత్రి మీ మీద రాసినప్పుడు గది పొగడ్తనే ఉండె. తెల్లారి నా మీదికి వచ్చినంకనే బూతయింది.”